నిల్ రిపోర్టు



2020 డిసెంబరు 5, శనివారం. కరోనా భయం ఇంకా తగ్గని రోజులు. ఏలూరు వన్‌టౌన్‌లో, దక్షిణపు వీధిలోనూ ఆ చుట్టుపక్కల పేటల్లోనూ, అప్పటిదాకా బాగానే తిరుగుతున్న మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. కొందరికి ఫిట్స్. కొందరికి తలనొప్పి, వాంతులు. కొందరికి కాసేపు స్పృహ తప్పింది. పిల్లలూ పడ్డారు, పెద్దవాళ్లూ పడ్డారు. ఆటోల్లో కొందరిని, మోటారు సైకిళ్ల మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకుని కొందరిని ప్రభుత్వాసుపత్రికి తెచ్చారు. వారం తిరిగేసరికి బాధితులు ఆరు వందలు దాటారు. మొదటి రోజుల్లోనే ఒకాయన చనిపోయారు. మిగతావాళ్లలో ఎక్కువమంది తొందరగానే తేరుకుని ఇళ్లకు వెళ్లారు.

ఇదేం రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. కొవిడ్ పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, పుణె వైరాలజీ సంస్థ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇన్ని సంస్థల చూపూ ఒక్కసారిగా మన ఏలూరు మీద పడింది. రక్తం, నీళ్లు, పాలు, కూరగాయలు సీసాల్లోకి, సంచుల్లోకి ఎక్కి ప్రయోగశాలలకు వెళ్లాయి.

ఆ పరీక్షల సంగతి మీరంతా పత్రికల్లో చదివారు. నేను ఈ పూట చెప్పాలనుకున్నది దానికంటే చిన్న వస్తువు గురించి. ఆసుపత్రి బల్ల మీది రిజిస్టరు గురించి. వచ్చిన ప్రతి మనిషికీ అందులో ఒక వరస. పేరు, వయసు, ఆడా మగా, ఏ వీధి, ఎన్ని గంటలకు మొదలైంది, ఫిట్స్ వచ్చాయా, ఏ నీళ్లు తాగుతారు. వైద్యశాఖవాళ్లు దీన్ని లైన్ లిస్టు అంటారు. అంతుపట్టని రోగం వచ్చినప్పుడు మొదట దొరికే ఆధారం ఇదే. ప్రయోగశాల జవాబుకు రోజులు పడుతుంది. లైన్ లిస్టును ఆ రాత్రే కూర్చుని లెక్కపెట్టొచ్చు.

ఏమని లెక్కపెట్టాలి? మొత్తం ఎంతమంది అన్నది పత్రికలకు కావాలి, డాక్టరుకు అది చాలదు. ఏ వీధిలో ఎంతమంది, వాళ్లలో ఫిట్స్ వచ్చినవాళ్లెంతమంది, వాళ్లలో మునిసిపల్ కుళాయి నీళ్లు తాగేవాళ్లెంతమంది అన్నది కావాలి. అంటే ముందు పట్టికలోని వరసల్ని గుంపులుగా విడదీయాలి. తర్వాత ఒక్కో గుంపులోకి వెళ్లి, మనం పెట్టిన షరతుకు తగిన వరసలు ఎన్ని ఉన్నాయో చూడాలి. వినడానికి ఇంతే. నా ఉద్యోగ జీవితంలో సగం ఈ ఒక్క పనితోనే గడిచింది. తప్పులు కూడా ఎక్కువగా ఇక్కడే చూశాను.

ఏలూరులో ఆ లెక్క మొదట నీళ్ల వైపే చూపు తిప్పింది. ఒకే పేటలో అంతమంది పడిపోతే ఎవరికైనా నీళ్ల మీదే అనుమానం వస్తుంది. కానీ మునిసిపల్ నీళ్లు అందని చోట్ల నుంచి, పక్క పల్లెల నుంచి కూడా బాధితులు వచ్చారు. "కుళాయి నీళ్లు తాగరు, అయినా పడిపోయారు" అన్న గడిలో సున్నా ఉంటే కథ ఒక దారిన పోయేది. అక్కడ అంకె ఉండబట్టి ఇంకో దారి వెతకాల్సి వచ్చింది. కూరగాయలు, పాలు, చేపలు, గాలి అన్నీ వరసగా పరీక్షకు వచ్చాయి.

ఇలాంటి లెక్కకు పాఠం చెప్పిన మహానుభావుడు ఒకాయన ఉన్నారు. లండన్ డాక్టరు జాన్ స్నో. 1854లో ఆ నగరంలో కలరా వచ్చినప్పుడు బ్రాడ్ వీధి చేతిపంపు పిడి తీయించిన కథ చాలామంది వినే ఉంటారు. కానీ ఆయన చేసిన అసలు గొప్ప పని ఇంకొకటి. లండన్ దక్షిణ భాగంలో రెండు కంపెనీలు ఇళ్లకు నీళ్లు అమ్మేవి. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ మురుగు కలిసే చోట థేమ్స్ నదిలోంచి నీళ్లు తోడేది. లాంబెత్ కంపెనీ రెండేళ్ల ముందే తన పంపుల్ని మురుగుకు ఎగువకు మార్చుకుంది. ఒకే వీధిలో ఈ ఇంటికి ఒక కంపెనీ గొట్టం, పక్కింటికి ఇంకో కంపెనీ గొట్టం. గాలి ఒకటే, వీధి ఒకటే, మనుషుల తీరూ ఒకటే. నీళ్లే వేరు. స్నో గడప గడపకూ తిరిగి, కలరాతో మనిషి పోయిన ప్రతి ఇంట్లోనూ మీకు నీళ్లెవరిస్తారు అని అడిగారు. తెలియదన్నవాళ్ల ఇంట్లో నీళ్లు సీసాలో పట్టుకుని, అందులోని ఉప్పును బట్టి ఏ కంపెనీవో తేల్చారు.

ఆయన పట్టిక చూడండి. సదర్క్ కంపెనీ ఇళ్లు 40,046, చావులు 1,263. లాంబెత్ కంపెనీ ఇళ్లు 26,107, చావులు 98. పదివేల ఇళ్లకు ఒకచోట 315, ఇంకోచోట 37. గుంపు కట్టడం, షరతు పెట్టడం, లెక్కపెట్టడం ఇందులో ఉన్నాయి. వీటి పక్కనే నాలుగోది, మనం తరచు మరిచిపోయేది, ఒకటి ఉంది. ఆ గుంపులో మొత్తం ఎన్ని ఇళ్లు అన్న అంకె. అది లేకుండా 1,263, 98 అని రెండే చెబితే, "వాళ్లకు ఇళ్లెక్కువ, చావులెక్కువ" అని ఎవరైనా కొట్టిపారేయవచ్చు.

బ్రాడ్ వీధి పంపు దగ్గర స్నోకు దొరికిన ఇంకో ఆధారం ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఆ పంపు పక్కనే ఒక బీరు ఫ్యాక్టరీ. డెబ్భై మందికి పైగా పనివాళ్లు. చుట్టూ వందల మంది పోతున్నారు, ఈ డెబ్భై మందిలో కలరాతో పోయినవాళ్లు సున్నా. స్నో యజమానిని అడిగితే, మావాళ్లకు బీరు ఇస్తాం, వాళ్లు నీళ్లే తాగరు, పైగా మాకు సొంత బావి ఉంది అన్నాడు. చావుల జాబితా మాత్రమే ముందు పెట్టుకున్నవాళ్లకు ఆ ఫ్యాక్టరీ కనిపించనే కనిపించదు. ఎందుకంటే అక్కడ చావు లేదు, చావు లేకపోతే జాబితాలో వరస లేదు. వీధిలో ఏమేం ఉన్నాయో ముందు చూసుకుని, ఆ తర్వాత లెక్కకు దిగినవాడికే ఆ సున్నా దొరుకుతుంది.

నాకు ఈ సంగతి పుస్తకంలో చదివి తెలియలేదు. తప్పు చేసి తెలుసుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. కొల్లేరు పక్కన ఒక మండలంలో పని. వేసవి వస్తోంది. ఆ ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, భూమిలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగడానికి మంచినీళ్ల చెరువే గతి. కాలువలు కట్టేసేలోపు చెరువులు నింపుకోవాలి. నింపుకున్న నీళ్లు మళ్లీ కాలువలు వదిలేదాకా రావాలి. ఆ ఏడు ఏ చెరువులో ఎన్ని రోజులకు సరిపడా నీళ్లున్నాయో ఊళ్ల నుంచి తెప్పించి పట్టిక చేయమన్నారు. చెరువుకో వరస. పదిహేను రోజులకు తక్కువ నీళ్లున్న చెరువులు ఊరివారీగా ఎన్ని? అదీ ప్రశ్న. ఆ ఊళ్లకు ట్యాంకర్లు పంపాలి.

ఆఫీసుకు అప్పుడే కంప్యూటరు వచ్చింది. నేను ఉత్సాహంగా పట్టికకు ఫిల్టరు పెట్టాను. పదిహేను రోజులకు తక్కువున్న వరసలు మాత్రం మిగిలాయి. వాటిని ఊరివారీగా లెక్కపెట్టి, అందంగా అచ్చు తీసి, సంతకానికి పెట్టాను. తొమ్మిది ఊళ్లు వచ్చాయి. తొమ్మిదింటికీ ట్యాంకర్లు వెళ్లాయి.

వారం తర్వాత ఒక పెద్దావిడ ఖాళీ ప్లాస్టిక్ బిందె పట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది. పడవ దిగి, బస్సెక్కి వచ్చింది. నా బల్ల ముందు బిందె దించి, "బాబూ, మా ఊరు మీ కాయితంలో లేదా?" అంది.

లేదు. ఆ ఊరి కాగితమే నాకు రాలేదు. పంపాల్సిన మనిషి జ్వరంతో పడుకున్నాడు. కాగితం రాలేదు కాబట్టి పట్టికలో వరస లేదు. వరస లేదు కాబట్టి లెక్కలో ఊరు లేదు. నా జాబితాలో లేని ఊరంటే నీళ్లకు ఇబ్బంది లేని ఊరు అని పై అధికారి అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఆ చెరువు అప్పటికే అడుగంటింది.

మా ఆఫీసులో పాతకాలపు సీనియర్ అసిస్టెంటు గారొకరు ఉండేవారు. ఆయన నా కాగితం తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, పైనుంచి కిందికి చూశారు. "మండలంలో ఇరవై రెండు ఊళ్లు గదయ్యా. ఇరవై రెండు వరసలుండాలి. మిగతా పదమూడూ ఏవైనట్టు? ఉన్నాయని రాశావా, లేవని రాశావా, తెలీదని రాశావా?" అన్నారు. తిట్టలేదు. ఆ మూడు ముక్కలు అడిగారంతే. ఇప్పటికీ ఏ పట్టిక చూసినా ఆయన గొంతే వినిపిస్తుంది.

పాత ఆఫీసుల్లో నిల్ రిపోర్టు అనే మాట ఉంది. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాసి పంపాలి. తాఖీదు చివర "లేనియెడల నిల్ రిపోర్టు పంపవలెను" అని ఉండేది. కొత్తగా చేరినవాళ్లకు అది చాదస్తంగా కనిపించేది. లేనిదానికి మళ్లీ కాగితమెందుకు అని. ఆ కాగితం వస్తేనే లేదన్న సంగతీ, తెలియదన్న సంగతీ వేరవుతాయి. పదమూడు ఊళ్లలో పన్నెండింటికి సున్నా వేసి, పదమూడో ఊరి గడిలో "రాలేదు" అని రాసి ఉంటే, ఆ పెద్దావిడ బిందె పట్టుకుని అంత దూరం రావక్కర్లేదు.

అంతకంటే పాతకాలంలో కరణాలు ఇంకా పకడ్బందీగా రాసేవారు. అడంగల్‌లో సర్వే నంబరుకో వరస. ఎవరి భూమి, ఎంత విస్తీర్ణం, ఏ పైరు, ఏ నీరు. దాన్నుంచి ఊరి మొత్తానికి తీసే సారాంశాన్ని గోషువారా అనేవారు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ అని ఇప్పటి పిల్లలు నేర్చుకునేది ఈ గోషువారానే. కరణం ఉద్యోగాలు 1984లో పోయాయి. లెక్క మాత్రం పోలేదు, యంత్రంలోకి చేరింది.

ఇప్పుడు ఆ యంత్రం సంగతి కాస్త. సచివాలయాల్లో, రైతు సేవా కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో, రొయ్యల కంపెనీల్లో కంప్యూటరు ముందు కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఈ కార్యక్రమం వింటుంటారు. వాళ్ల కోసం. పెన్నూ కాగితం ఉంటే తీసుకోండి.

మూడు ఊళ్లు అనుకుందాం. మొదటి ఊళ్లో అయిదు చెరువులు, అందులో రెండింటిలో నీళ్లు తక్కువ. రెండో ఊళ్లో మూడు చెరువులు, మూడూ నిండుగా ఉన్నాయి. మూడో ఊళ్లో నాలుగు, నాలుగూ అడుగంటాయి. మొత్తం పన్నెండు వరసలు. ముందు ఫిల్టరు పెట్టి ఆ తర్వాత గుంపులు కడితే ఆరు వరసలే మిగులుతాయి. మొదటి ఊరికి రెండు, మూడో ఊరికి నాలుగు. రెండో ఊరు మాయమైంది. డేటాబేసులో రాసేవాళ్లు "వేర్" అని షరతు పెట్టి "గ్రూప్ బై" అని గుంపు కట్టినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. యంత్రం తప్పు చేయలేదు. షరతుకు తగని వరసల్ని గుంపు కట్టకముందే గిరాటేయమని మనమే చెప్పాం.

దీనికి పాత చిట్కా ఒకటుంది. ఏ వరసనూ తీసెయ్యకండి. ప్రతి వరస చివరా కొత్తగా ఒక గడి గీయండి. షరతుకు సరిపోతే ఆ గడిలో ఒకటి, సరిపోకపోతే సున్నా వేయండి. తర్వాత ఊరివారీగా ఆ గడుల్ని కూడండి. మొదటి ఊరికి ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, సున్నా. కూడితే రెండు. రెండో ఊరికి మూడు సున్నాలు. కూడితే సున్నా. ఊరు మాత్రం పట్టికలో నిలబడింది. మూడో ఊరికి నాలుగు. లెక్కపెట్టడం కాస్తా కూడిక అయిపోయింది. ఇంకో లాభం కూడా ఉంది. ఆ గడుల సగటు తీస్తే ఊళ్లో నూటికి ఎన్ని చెరువులు ఎండాయో వచ్చేస్తుంది. మొదటి ఊరికి నలభై, రెండో ఊరికి సున్నా, మూడో ఊరికి నూరు. డాక్టర్ స్నో ఇళ్ల సంఖ్యతో భాగించి తెచ్చుకున్నది ఇదే.

ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటి చెప్పాలి. ఆ గడుల్ని కూడాలి, "కౌంట్" చేయకూడదు. కౌంట్ అంటే యంత్రం నిండిన గడులెన్ని అని చూస్తుంది. సున్నా ఉన్న గడి కూడా నిండిన గడే. అప్పుడు అయిదు, మూడు, నాలుగు అని వస్తుంది, అంటే ప్రతి చెరువూ ఎండిపోయిందని. ఎక్సెల్‌లో అయితే ముందు ఒక పక్కన ఊళ్ల పేర్లన్నీ పూర్తిగా రాసుకుని, ఒక్కో పేరు పక్కన "కౌంటిఫ్స్" పెట్టుకుంటే చాలు. ఊళ్ల జాబితా మీ పట్టికలోంచి తీయకండి. గెజిట్‌లోంచో, జనగణన పుస్తకంలోంచో తెచ్చుకోండి. పట్టికలోంచి తీస్తే నా పదమూడో ఊరు మళ్లీ కనిపించదు.

కౌంటు అనే మాట మన ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద చదువు రాని మనిషిని అడిగినా చెబుతాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద కౌంటు అంటే చిన్న రొయ్య, ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్య. కౌంటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. పట్టుబడి రోజున కొనేవాళ్లు ఒక్క కిలో తూచి లెక్కపెట్టి ఊరుకుంటే రైతు ఒప్పుకోడు. చెరువు ఈ మూల నుంచి, ఆ మూల నుంచి, మధ్య నుంచి తీయమంటాడు. తూముకు దగ్గర ఒక కౌంటు, దూరంగా ఇంకో కౌంటు రావచ్చు. గుంపు మారితే అంకె మారుతుందని అతనికి ఎవరూ నేర్పలేదు. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాడు.

కొల్లేటి లెక్కలు మాత్రం అంత సులువుగా తేలవు. అక్కడ మొదట వచ్చే చిక్కు వరస అంటే ఏమిటన్నది. ఒక రైతు పేరున నలభై ఎకరాల చెరువు ఉంటుంది. మధ్యలో గట్టు వేస్తే రెండు చెరువులు. పట్టికలో ఒక వరసా, రెండు వరసలా? చెరువులెన్ని అని అడిగితే ఒక జవాబు, ఎకరాలెన్ని అని అడిగితే ఇంకో జవాబు, కుటుంబాలెన్ని అని అడిగితే మరో జవాబు. మూడు జవాబులూ నిజమే, మూడు అంకెలూ కలవవు.

రెండోది షరతు. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలి కొల్లేటిని, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్సార్ జాబితాకెక్కింది. 2006లో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న గొడవంతా ఒక షరతు చుట్టూనే. ఈ చెరువు అయిదో కాంటూరు లోపలా, బయటా? లోపలైతే జిరాయితీ భూమా, ప్రభుత్వ భూమా? ఒకే చెరువు సగం గీతకు ఇవతల, సగం అవతల ఉంటే ఏ గుంపులో వేయాలి? ఆ ఒక్క గడిలో వేసే ఒకటీ సున్నాల మీద ఒక కుటుంబం అన్నం ఆధారపడి ఉంటుంది. పక్షులు గుడ్లు పెట్టుకునే చోటు కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటిలో దేని పక్షం వహించేవారైనా సరే, ఏ రేఖ ప్రకారం లెక్కపెట్టారో చెప్పకుండా అంకె చెబితే నేను దాన్ని నమ్మను.

మూడోది గుంపు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకుముందు కొల్లేరు కృష్ణా జిల్లాకూ, పశ్చిమ గోదావరికీ మధ్య విడిపోయి ఉండేది. ఆ రోజున కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఆకివీడు, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. 2021 లెక్కలో జిల్లా అనే గడిలో ఉన్న పేరూ, 2023 లెక్కలో ఉన్న పేరూ ఒకే భూమిని చెప్పవు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాసేవాళ్లు దయచేసి మండలం దాకా దిగి, అక్కడి నుంచి మళ్లీ గుంపులు కట్టుకోండి. మండలం పేరుతో పట్టిక ఉంటే ఏ జిల్లా కిందికైనా మార్చుకోవచ్చు. జిల్లా మొత్తాలే దాచుకుంటే వెనక్కి విడదీయలేం.

పక్షుల లెక్క కూడా ఇలాంటిదే. ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల్ని లెక్కపెడతారు. మన దగ్గర కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు చెట్ల మీదా, మంచెల మీదా గుంపులుగా ఉంటాయి. తెల్లారకముందే బైనాక్యులర్లు పట్టుకుని గట్టెక్కుతారు. చోటుకో వరస, పక్షి జాతికో గడి. మంచు పట్టి ఒక మూలకు పడవ వెళ్లలేకపోయిందనుకోండి. ఆ వరసలో ఏం రాయాలి? గీత గీసి, వెళ్లలేదు అని రాయాలి. అక్కడ సున్నా వేస్తే, పదేళ్ల తర్వాత ఎవరో ఆ పట్టిక చూసి ఆ ఏడాది ఆ మూలకు పక్షులు రాలేదని రాస్తారు. వెళ్లి, కళ్లతో చూసి, ఒక్క పక్షీ లేకపోతే వేసే సున్నా విలువైన సున్నా. నీళ్లు చెడ్డాయో, చేప పోయిందో, గట్టు తెగిందో వెతకమని అది చెబుతుంది.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు ఒకసారి వెళ్లొద్దాం. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి లారీల్లో దిగుతుంది. కొట్టు గుమస్తా పుస్తకంలో లారీకో వరస రాస్తాడు. ఒక లారీలో ముగ్గురు రైతుల సరుకు ఉంటే? కుళ్లు ఎక్కువ వచ్చిన లారీలెన్ని అంటే ఒకటి. కుళ్లు సరుకు తెచ్చిన రైతులెందరు అంటే పుస్తకం జవాబు చెప్పలేదు. ఆ ఒక్క వరసలో మిగతా ఇద్దరి మంచి ఉల్లి కూడా మునుగుతుంది. ఇంకోటి కూడా అక్కడే చూశాను. ఒకే ఊరిని ఒకరు తాడేపల్లిగూడెం అని, ఒకరు టీపీగూడెం అని, ఒకరు ఒట్టి గూడెం అని రాస్తారు. మనకు మూడూ ఒకటే. యంత్రానికి మూడు ఊళ్లు. ఒక ఊరి లెక్క మూడు ముక్కలై, మూడూ చిన్నవిగా కనిపించి, దేనిమీదా ఎవరి చూపూ పడదు. ఏలూరు రిజిస్టరులో దక్షిణపు వీధి అని ఒకరు, సౌత్ స్ట్రీట్ అని ఒకరు రాస్తే రోగం పుట్టిన చోటే చెదిరిపోతుంది. గుంపులు కట్టేముందు పేర్లు సరిచేసుకోవడం గొప్ప పనిలా కనిపించదు గానీ, పదింట ఆరు తప్పులు అక్కడే తీరిపోవడం నా అనుభవం.

షరతు రాసేటప్పుడు తెలుగులో ఒక జాగ్రత్త కావాలి. "తలనొప్పి, వాంతులు ఉన్నవాళ్లెందరు?" అని అడిగారనుకోండి. రెండూ ఉన్నవాళ్లా, రెండింటిలో ఏదైనా ఒకటి ఉన్నవాళ్లా? మాట్లాడుకునేటప్పుడు సందర్భం చెబుతుంది. పట్టికకు సందర్భం తెలియదు. తలనొప్పీ వాంతులూ రెండూ ఉన్నవాళ్లు అనండి, లేదా తలనొప్పి గానీ వాంతులు గానీ ఉన్నవాళ్లు అనండి. ఒక "గానీ" పడిందా లేదా అన్నదాన్ని బట్టి అంకె రెండింతలవచ్చు, సగమూ కావచ్చు.

మళ్లీ ఏలూరుకు వద్దాం. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తర్వాత డిసెంబరు మధ్యలో ముఖ్యమంత్రి సమీక్షలో నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని చెప్పారు. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి ఇంకా ఎక్కువ కాలం పరిశీలించాలన్నారు. అలాంటి పరిశీలనకు ముడిసరుకు ప్రయోగశాల సీసాలొక్కటే కాదు, ఆ రాత్రుళ్లు నిద్ర లేకుండా నర్సులు రాసిన వరసలు కూడా. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, తల్లిని "ఏ నీళ్లు తాగుతారమ్మా?" అని అడిగి, ఆ జవాబు రాసుకున్న మనిషి ఎంత పెద్ద పని చేసిందో నాకు తెలుసు. ఆమె పేరు ఏ నివేదికలోనూ ఉండదు.

చివరగా మీతో ఒక మాట. 2011 తర్వాత ఇన్నేళ్లకు మళ్లీ జనగణన జరగాల్సి ఉంది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. దానికి ముందు ఇళ్ల జాబితా రాస్తారు. ఈసారి కాగితం మీద కాకుండా ఫోన్లలోనే రాస్తారని చెప్పారు. కొల్లేటి లంకల నుంచి, మెట్ట ఊళ్ల నుంచి మనవాళ్లు పనులకు ఎక్కడెక్కడికో వెళుతుంటారు. లెక్క రాసుకునే ఎన్యుమరేటరు వచ్చేసరికి చాలా ఇళ్లకు తాళాలుంటాయి. మనుషులు లేని ఇల్లు వేరు, మనుషులుండీ తాళం వేసుకున్న ఇల్లు వేరు. మొదటిది సున్నా. రెండోది ఇంకా నింపాల్సిన గడి. బయట నుంచి చూస్తే రెండు తాళాలూ ఒకలాగే ఉంటాయి. తేడా తెలిసేది పక్కింటివాళ్లకే. కాబట్టి మీ పక్కింటికి తాళం ఉంటే, వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారో, చెరువు మీదికి పనికి వెళ్లారో, ఎప్పుడు తిరిగొస్తారో ఎన్యుమరేటరును నిలబెట్టి చెప్పండి. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో కూడా చెప్పండి.